సెప్టెంబరులో తీసిన క్రిస్మస్

మాకు క్రిస్మస్ సెప్టెంబరులో వస్తుంది. ఈస్టరు ఫిబ్రవరిలో, కొత్త సంవత్సరం సందేశం దీపావళి టపాకాయల మధ్య. టీవీ కోసం పండగలు తీసేవాళ్ల బతుకింతే. ఛానల్‌కి కార్యక్రమం ముందే అందాలి, దానికి ముందు ఎడిటింగు, దానికి ముందు షూటింగు. అలా వెనక్కి లెక్కేసుకుంటూ పోతే బెత్లెహేము నక్షత్రం వినాయక చవితి పందిళ్ల మధ్య వచ్చి ఆగుతుంది. ప్లాస్టిక్ చెట్టు మీద దూది పెట్టి మంచు అంటాం. మాట్లాడేవాళ్లకు ఎర్ర స్వెట్టరు తొడుగుతాం. మైకులో చప్పుడు వస్తుందని ఏసీ ఆపేస్తాం. "ఈ చలి రాత్రి రక్షకుడు ఉదయించెను" అని పాస్టరుగారు చెబుతుంటే ఆయన చెవి పక్క నుంచి చెమట ధార కడుతుంది. అది తుడవడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

నేను క్రైస్తవ టీవీ కార్యక్రమాల ప్రొడ్యూసర్‌ని. పేరు గొప్ప, ఊరు దిబ్బ. నెలలో సగం రోజులు బస్సుల్లో గడుస్తాయి. ఏ ఊరు వెళ్లినా అవే ప్లాస్టిక్ కుర్చీలు, అదే కీచుమనే సౌండు బాక్సు, ఏడు నిమిషాలు చాలు అయ్యగారూ అంటే "క్లుప్తంగా చెబుతాను" అని మొదలుపెట్టి అన్నం చల్లారేదాకా వదలని పాస్టరు. మిగిలిన సగం రోజులు అమీర్‌పేటలో మా స్టూడియోలో. కోచింగ్ సెంటర్ల సందులో మూడో అంతస్తు. గోడకు అవతల ఎవరో రోజంతా కంప్యూటరు పాఠాలు చెబుతుంటాడు. పాపం, భక్తులు తమ అనుభవాలు చెప్పుకునే మా సాక్ష్యాల్లో ఎన్నింటిలో ఆయన గొంతు సన్నగా వినబడుతుందో ఆయనకు తెలియదు.

కార్యక్రమం యజమానిని మేమంతా బ్రదర్ అనాలి. ఆయనా మమ్మల్ని బ్రదర్ అనే అంటాడు. తిట్టేటప్పుడు కూడా "బ్రదర్, మీకు బుద్ధుందా" అంటాడు. ఆదివారాల్లో, పండగల్లో పొద్దున అరగంట సమయం ఛానల్ దగ్గర కొనుక్కుని, అందులో ప్రసంగం, పాట, ఒక సాక్ష్యం పెడతాం. బ్రదర్ చెడ్డవాడు కాదు. భయస్తుడు. ప్రేక్షకులు ఏమనుకుంటారో అన్న భయం తప్ప ఆయన తలలో ఇంకో ఆలోచనకు చోటు లేదు.

ఆ ఏడు క్రిస్మస్ కార్యక్రమానికి నేను ఒకావిడను పట్టుకొచ్చాను. మెదక్ వైపు పల్లెల్లో షూటింగులకు తిరిగినప్పుడు, మీకు మొదట ఏసు సంగతులు ఎవరు చెప్పారని అడిగితే, ఆడవాళ్లంతా ఒకటే జవాబు చెప్పేవారు: "బైబిలమ్మ." తెల్లచీర కట్టి, చేతిలో సంచీ పట్టుకుని, ఇంటింటికీ నడిచి, అరుగుల మీద కూర్చుని కథలు చెప్పేదట. వేతనం లేని రోజుల్లో కూడా తిరిగిందట. ఇప్పుడెక్కడుందో ఎవరికీ తెలియదు. నేను జిల్లాలన్నీ గాలించి, చివరికి ఆవిడను యూసుఫ్‌గూడలో, కూతురు అద్దెకుంటున్న రెండు గదుల ఇంట్లో కనుక్కున్నాను. మా స్టూడియో నుంచి ఆటో ఎక్కితే పది నిమిషాలు కూడా పట్టదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే అదే.

వెతికి పట్టుకున్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆవిడ గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. గొంతులో గడ్డ అని, స్వరపేటిక మొత్తం తీసేయాలని పంజాగుట్టలో ఆసుపత్రివాళ్లు చెప్పారట. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఉండదు. చేరాల్సిన రోజు కూడా నిర్ణయమైపోయింది. టీవీలో మాట్లాడతారా అని నేను నసుగుతూ అడిగితే, ఆవిడ కూతురు వద్దని తల ఊపింది. ఆవిడ మాత్రం ఊఁ అంది.

"గా ఊర్లల్ల ముసలోళ్ళైన్రు బిడ్డా, నా తాన్కి రాలేరు. నేను పోలేను. టీవీ అయితె సూస్తరు గద. ఒక్కపారి నా గొంతుతోని చెప్పి పోత."

ఆవిడ అడిగింది అదొక్కటే. తన గొంతుతో, తను తిరిగిన ఊళ్లకు, ఒక్కసారి. అది దక్కించడం ఎంత పనిలే అనుకున్నాను నేను.

స్టూడియో ఖాళీగా దొరికింది సరిగ్గా ఆసుపత్రిలో చేరే ముందు రోజు. దానికి ముందు రోజులన్నీ ఎవరో పాటల ఆల్బం వాళ్లు తీసేసుకున్నారు. మార్చమని బతిమాలాను, వాళ్లూ "మాదీ దేవుని పనే కదా బ్రదర్" అన్నారు. మా రంగంలో అందరిదీ దేవుని పనే, అందుకే ఎవడూ తగ్గడు. సరే, ఆ మధ్యాహ్నమే ఆవిడను తీసుకొచ్చాను. కూతురు పట్టుకుంటే మెట్టుమెట్టుకూ ఆగుతూ మూడంతస్తులు ఎక్కింది. లిఫ్టు ఉంది, కానీ అది పండగలకు పనిచేయదు. మామూలు రోజుల్లో కూడా పనిచేయదు.

ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, మైకు తగిలించి, లైట్లు వేశామో లేదో, కింద సందులో తీన్మార్ మొదలైంది. మా బిల్డింగు పక్కనే వినాయక మండపం. డప్పుల దెబ్బకు మా దూది మంచు చెట్టు మీద నుంచి రాలుతోంది. సౌండు చూసేవాడు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశాడు. బ్రదర్ కిటికీ దగ్గర నిలబడి, "బ్రదర్, ఈ రోజు కాకపోతే రేపు పెట్టుకోండి" అన్నాడు.

"రేపు ఆవిడకు గొంతుండదండీ" అన్నాను. ఇది నేను ఆయనకు అప్పటికి ఎన్నిసార్లు చెప్పానో. ప్రతిసారీ కొత్తగా విన్నట్టు అయ్యో అనేవాడు. ఒళ్ళు మండిపోయింది. మెట్లు దిగాను.

మండపం పెద్ద మా సందులోని జిరాక్స్ షాపాయనే. నా స్క్రిప్టులు జిరాక్స్ తీయించేది ఆయన దగ్గరే. అందులో ఏముందో చదవకుండా ఏ రోజూ ఇవ్వలేదు. నుదుటి మీద కుంకుమ, మెడలో కాషాయం తువ్వాలు, చేతిలో ప్రసాదం పళ్లెం. నన్ను చూడగానే ఆయనే అన్నాడు.

"ఏందన్నా, లొల్లి మస్తయితుందా? జర తగ్గియ్యమంట తియ్యి."

"తగ్గిస్తే చాలదన్నా. ఆపాలి."

ఆయన ముఖం మారింది. మండపం దగ్గరికి వచ్చి ఆపమన్న క్రైస్తవుల్లో నేనే మొదటివాణ్నేమో. గబగబా చెప్పేశాను. పైన ఒక పెద్దావిడ ఉంది, రేపు ఆసుపత్రిలో చేరుతుంది, గొంతు తీసేస్తారు, ఇవాళ మాట్లాడిందే మాట అని.

"తీసేస్తరా? మల్ల మాట్లాడదా?"

"మాట్లాడదు."

ఆయన పళ్లెం పక్కన పెట్టి, డప్పుల వాళ్ల వైపు తిరిగాడు. "బంద్ జెయ్యుర్రి. పోయి చాయ్ తాగిరాపోండ్రి." వాళ్లలో ఒకడు ఇప్పుడే గదన్నా మొదలువెట్టింది అని గొణిగితే, "దేవుడు యాడికి పోతడు రా, గీడనే కూసుంటడు. ఆమెకు టైం లేదు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నేను సుత పైకొచ్చి సూడొచ్చా అన్నా?" అని అడిగాడు.

చెప్పులు మెట్ల దగ్గరే వదిలి, నా వెనకాలే పైకొచ్చి, గోడకానుకుని నిలబడ్డాడు. బ్రదర్ ఆయన కుంకుమ వైపు, నా వైపు చూశాడు. నేను కెమెరా వైపు చూశాను.

డప్పులు ఆగాయి. గోడవతల కంప్యూటరు పాఠం కూడా ఎందుకో ఆగింది. దారి సుగమమైందని అనుకున్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటంటే, ఈసారి అడ్డం పడింది బైబిలమ్మే. స్వెట్టరు వద్దంది, "నాకు సలివెడ్తలేదు బిడ్డా" అని. పోనీలే, తెల్లచీర బాగుందన్నాను. కెమెరా పక్కన పట్టుకున్న అట్ట మీద పెద్ద అక్షరాలతో మొదటి వాక్యం రాసి ఉంది: ఈ రోజు క్రీస్తు జన్మదినం, ప్రేక్షకులందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. ఆవిడ అది మనసులో చదువుకుని, కళ్ళద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇయ్యాల కాదు గద."

"చూసేవాళ్లకు ఆ రోజే కదా అమ్మగారూ."

"సూసేటోళ్ళకు గా దినం. చెప్పేదాన్ని, నాకు ఈ దినమే. పొద్దుగాల దవాఖానకు పోతున్న. ఇయ్యాల ఈ నోటితోని అబద్ధమాడి పోవాల్నా?"

నాకు నిజంగా కోపం వచ్చింది. ఇన్నేళ్లలో ఎంత పెద్ద బోధకుడూ ఆ వాక్యం దగ్గర ఆగలేదు. అందరూ చెమట కక్కుతూ చలిరాత్రి శుభాకాంక్షలు చెప్పి, బిర్యానీ తిని వెళ్లారు. డప్పులవాళ్ల చాయ్ ఎంతసేపు? ఆవిడ వాదించే ప్రతి మాటా చెప్పాల్సిన మాటల్లోంచి తరిగిపోతోంది. ఇప్పటికే దగ్గుతోంది. బ్రదర్ ముందుకొచ్చి, "అది అబద్ధం కాదమ్మగారూ, ఫార్మాట్" అన్నాడు. ఆవిడ ఆయన్ను జాలిగా చూసింది. "ఫార్మేటో ఏందో నాకు దెల్వది నాయనా."

అట్ట కింద పెట్టించాను. "మీకు తోచింది చెప్పండమ్మా, కెమెరా నడుస్తుంటుంది" అన్నాను. ఓడిపోయిన గొంతుతోనే అన్నాను.

ఆవిడ కాసేపు ఊపిరి తీసుకుని మొదలుపెట్టింది. కంకర మీద చెప్పు ఈడ్చినట్టుంది గొంతు. కానీ ప్రతి మాటా తెలుస్తోంది.

"నన్ను ఎరిగినోళ్ళకు చెప్తున్న. ఇయ్యాల క్రిస్మస్ గాదు, చవితి దినాలు. రేపు నేను దవాఖానకు పోతున్న. మల్ల నా గొంతు మీకు ఇనబడది. మీ ఇండ్లల్ల మంచినీళ్ళు తాగిన, మీ అరుగుల మీద కూసున్న, మీ పిల్లల్ని ఎత్తుకున్న. మీకు చెప్పిన కథలు నాయి గావు. అందుకని నా గొంతు పోయినా అవి పోవు."

దగ్గు వచ్చింది. కూతురు నీళ్లు తెస్తుంటే చేత్తో ఆపింది. చూపు కెమెరా మీద నుంచి గోడ దగ్గరున్న జిరాక్స్ అన్న మీదికి జరిగి, మళ్లీ కెమెరాకు వచ్చింది.

"ఇంకొక్క మాట. కింద వినాయకుణ్ణి కూసోవెట్టుకున్న బిడ్డలు నా కోసం డప్పులు ఆపిండ్రు. నా ప్రభువు పుట్టినప్పుడు సత్రంల జాగ దొరకలే. నాకు ఈ గల్లీల దొరికింది. గా బిడ్డలకు, వాళ్ళ ఇండ్లకు శాంతి, సమాధానం కలుగుగాక."

అయిపోయింది. నేను కట్ అనడం మర్చిపోయాను. జిరాక్స్ అన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని, వెళ్తూ వెళ్తూ నన్ను అడిగాడు, "గిది టీవీల ఎప్పుడొస్తదన్నా?"

ఎన్నో క్రిస్మస్ కార్యక్రమాలు తీశాను. క్రిస్మస్ సంగతి అసలు ఉన్నది అదొక్క దాంట్లోనే అని నాకు ఆ నిమిషమే తెలిసింది. అది బ్రదర్‌కి తెలియజెప్పడానికి మాత్రం మూడు నెలలూ చాల్లేదు.

"మొదటి లైను లేదు. చవితి అంటే మనం ముందే తీసేశామని తెలిసిపోతుంది. పైగా ఆ మండపం మాట. మన ప్రేక్షకులు ఏమనుకుంటారు బ్రదర్?"

"సత్రంలో చోటు దొరకలేదని ప్రతి ఏడూ చెబుతున్నాం కదండీ. చోటిచ్చినవాళ్ల సంగతి ఒక్క ఏడాది చెప్పకూడదా?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కంద ఆసుపత్రిలో ఉందండీ. గొంతు లేదు. దురద ఇంకెవరు చెప్పాలి?"

ఆయన కళ్లు మూసుకుని, "సరే, ప్రార్థన చేద్దాం" అన్నాడు. మా లోకంలో ప్రార్థన చేద్దాం అంటే కుదరదని అర్థం. ఆ సంగతి తెలిసి కూడా నేను పట్టు వదల్లేదు. ఆవిడ మాటలు ఒక్కటి కూడా కోయకుండా నేనే కూర్చుని కార్యక్రమం కుట్టాను. డిసెంబరు రాగానే నన్ను ఊళ్లమీదికి తోలారు, సెమీ క్రిస్మస్‌ల షూటింగులకు, అంటే పండగకు ముందే సంఘాలు చేసుకునే వేడుకలకు. ప్రతి సంఘానికీ ఒక సెమీ క్రిస్మస్, ప్రతి సెమీ క్రిస్మస్‌కీ ఒక కేకు, కేకు కోసే ప్రతివాడికీ టీవీలో కనబడాలని కోరిక. ఏ ఊరి నుంచి ఫోన్ చేసినా ఎడిటరు, "మీరు పెట్టినట్టే ఉందన్నా" అనేవాడు.

పండగ రోజు పొద్దున్నే బస్సు దిగి, నేరుగా యూసుఫ్‌గూడ వెళ్లాను. బైబిలమ్మ మంచం మీద కూర్చుని ఉంది. మెడ ముందు చిన్న గుడ్డ, దాని కింద ఊపిరి తీసుకునే రంధ్రం. ముఖం కుదుటపడింది. నన్ను చూసి నవ్వి, చోటిచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురైదుగురు చేరారు. ఊళ్లలో తెలిసినవాళ్లందరికీ కూతురు ఫోన్లు చేసి చెప్పిందట. మేం టీవీ పెట్టేసరికి జిరాక్స్ అన్న కూడా వచ్చాడు, భార్యతో, స్వీట్ల డబ్బాతో. కార్యక్రమం ఎప్పుడని మూడు నెలలు నన్ను వదలకుండా అడిగి, అడ్రసు కూడా రాయించుకున్నాడు. "మా కమిటీ అందరు ఇండ్లల్ల టీవీల ముంగట కూసున్నరు" అన్నాడు.

కార్యక్రమం మొదలైంది. చెట్టు, దూది, నక్షత్రం. బైబిలమ్మ ముఖం పక్క నుంచి కనబడింది. పెదవులు కదిలాయి. ఒక పడుచుపిల్ల తేనెలాంటి గొంతు వినబడింది: "ఈ రోజు క్రీస్తు జన్మదినం. ప్రేక్షకులందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు."

ఆ గొంతు నాకు తెలుసు. మా ప్రకటనలకు డబ్బింగు చెప్పే అమ్మాయిది.

ఆ తర్వాత బైబిలమ్మ సొంత గొంతే వచ్చింది. మంచినీళ్లు, అరుగులు, పిల్లలు, కథలు. గదిలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆసుపత్రి మాట లేదు. "అవి పోవు" అన్న మాట దగ్గర మళ్లీ పక్క నుంచి ముఖం, కదులుతున్న పెదవులు, మళ్లీ ఆ తేనె గొంతు: "ఈ పరిచర్య కోసం ప్రార్థించండి." ఆ తర్వాత ఫోన్ నంబరు.

"గది మా అమ్మ గొంతు గాదు" అంది కూతురు, టీవీని చూస్తూనే. బైబిలమ్మ చెయ్యి మెడ మీది గుడ్డ దాకా వెళ్లి అక్కడే ఆగింది. గొంతు ఉన్నన్నాళ్లూ ఆవిడ ఆ వాక్యం అనలేదు. గొంతు పోయాక అనిపించారు. కాదని చెప్పడానికి ఆవిడకు నోరు లేదు. నాకుంది, కానీ ఎవరికి చెప్పను? నా జేబులో ఫోన్ మోగింది. బ్రదర్. "రెస్పాన్స్ అదిరిపోతోంది బ్రదర్" అంటున్నాడు. ఆయన్ను ఏమన్నానో రాయను. పండగ పూట అనకూడనివే అన్నాను.

జిరాక్స్ అన్న ఫోన్ కూడా వరసగా మోగుతోంది. ఆయన ఎత్తలేదు. నా దగ్గరికి జరిగి, మెల్లగా అడిగాడు.

"గాడ మా ముచ్చట ఉండె గదన్నా?"

"ఉండింది. తీసేశారు."

"మేం జేసిన దాంట్ల తప్పేమన్న ఉన్నదా?"

లేదన్నాను. ఆ రోజు తీసిన మొత్తం నా ఫోన్‌లో ఉంది, చూపిస్తానని తీయబోయాను. ఈలోగా బైబిలమ్మ కూతురి భుజం పట్టుకుని మంచం మీద నుంచి లేచింది. రెండడుగులు వేసి, జిరాక్స్ అన్న రెండు చేతులూ పట్టుకుంది. పెదవులు కదిపింది. చప్పుడు లేదు. మెడ మీది గుడ్డ దగ్గర మాత్రం గాలి బుసబుసమంటోంది. తొందరపడలేదు. కింద వినాయకుణ్ణి కూర్చోబెట్టిన బిడ్డల దగ్గర నుంచి, సత్రం, జాగా, ఈ గల్లీ, వాళ్ల ఇళ్లు, ఆ రోజు చెప్పిందంతా వరసగా, ఒక్కో మాటకు ఆగి ఊపిరి తీసుకుంటూ, చివరి దాకా చెప్పింది. ఎవరో టీవీ ఆపేశారు. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

ఆవిడ పెదవులు ఆగేదాకా ఆయన చేతులు వెనక్కి తీసుకోలేదు.

"ఇనబడ్డదమ్మా" అన్నాడు.